దావా ఎక్కడ వేయాలి? ఊరి పేరు కాదు, కోర్టు హద్దు చూడాలి

కొండాపూర్‌లోని ఫ్లాట్‌కు వచ్చే కొరియర్ మీద చిరునామా "హైదరాబాద్ 500084" అనే ఉంటుంది. ఆ ఫ్లాట్ హక్కు మీద తగాదా వస్తే మాత్రం దావా హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వేయడం కుదరదు. కొండాపూర్ ఉన్నది శేరిలింగంపల్లి మండలంలో, రంగారెడ్డి జిల్లాలో. కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వస్తాయి. పటాన్‌చెరు సంగారెడ్డి జిల్లా. ఊరంతా కలిసిపోయింది గానీ కోర్టుల హద్దులు కలవలేదు. మునిసిపల్ హద్దు ఎంత జరిగినా, పిన్‌కోడ్ ఏది రాసినా, కోర్టు పరిధి వాటి వెంట జరగదు.

దీనికి తోడు పాత దస్తావేజుల చిక్కు ఒకటుంది. తెలంగాణలో జిల్లాల పునర్విభజన 2016 అక్టోబర్ 11న జరిగింది. కోర్టుల జిల్లాలు అప్పుడే మారలేదు. 33 జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్ 2న మొదలయ్యాయి. అందుకే 2010లో రిజిస్టరైన కూకట్‌పల్లి సేల్‌డీడ్‌లో "రంగారెడ్డి జిల్లా" అని కనిపిస్తుంది. ఆ షెడ్యూల్‌ను (ఆస్తి వివరాల పట్టికను) ఉన్నదున్నట్టు ప్లెయింట్‌లోకి (దావా అర్జీలోకి) దించి ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు తీసుకెళ్తే దావాకు నంబరు పడక ముందు కాగితాలు సరిచూసే ఎస్‌ఆర్ దశలోనే ఆఫీసు అభ్యంతరంతో కాగితాలు వెనక్కి రావచ్చు. అప్పుడు తేలితే నష్టం తక్కువే. దావాకు నంబరు పడి, సమన్లు వెళ్లి, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఖరారై, సాక్ష్యం కూడా నడిచాక తేలితే పోయేవి ఏళ్లు. షెడ్యూల్‌లో పాత వివరం ఉంచి, పక్కనే "ప్రస్తుతం ఫలానా మండలం, ఫలానా జిల్లా" అని రాయడం ఒక్క లైను పని. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడో ఆర్డర్ మొదటి రూలు, కోర్టుకు అధికార పరిధి ఎలా వస్తుందో చూపే వాస్తవాలు ప్లెయింట్‌లోనే ఉండాలంటుంది. మూడో రూలు స్థిరాస్తిని హద్దులతోనో సర్వే నంబర్లతోనో గుర్తుపట్టేలా వర్ణించమంటుంది. ఈ రెండింటి దగ్గర చేసే అశ్రద్ధకు పడే శిక్ష చాలా పెద్దది.

కక్షిదారులు ఎక్కువగా పొరబడేది క్రమం దగ్గర. "మాకు ఏ కోర్టు దగ్గర, ఎక్కడ త్వరగా తేలుతుంది" అని మొదలుపెడతారు. చట్టం మొదలుపెట్టేది అక్కడ కాదు. ఈ రకం తగాదా వినే అధికారం ఎవరికి ఉందన్నది మొదటి ప్రశ్న. దావా విలువను బట్టి ఏ స్థాయి కోర్టు అన్నది రెండోది, ఏ ప్రాంతపు కోర్టు అన్నది మూడోది. ఒప్పందంలో పరిధి షరతు ఉంటే దాన్ని ఆ తర్వాత చూస్తారు. ఎవరికి ఎక్కడ అనుకూలం అన్న మాట చిట్టచివర, బదిలీ పిటిషన్ వేసినప్పుడే వస్తుంది. అధికారం ఉన్న కోర్టులు రెండు మూడు ఉంటే అందులో ఒకటి ఎంచుకునే హక్కు వాదిది. "నాకంటే ఆ కోర్టు మేలు" అని ఇక్కడి సివిల్ జడ్జి తనంతట తాను దావాను పంపించలేరు. మరో కోర్టు మేలని దావాను వదిలేసే, విదేశాల్లో వాడుకలో ఉన్న ఫోరమ్ నాన్ కన్వీనియెన్స్ సూత్రం, సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద నడిచే దేశీయ దావాలకు వర్తించదని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2009లో హార్లిక్స్, హైంజ్ కంపెనీల కేసులో స్పష్టంగా చెప్పింది. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ల సంగతి వేరు. కాజ్ ఆఫ్ యాక్షన్‌లో (తగాదాకు కారణమైన ఘటనల్లో) చిన్న ముక్క తన పరిధిలో ఉన్నా, మరో హైకోర్టు తగినదనిపిస్తే హైకోర్టు ఆ పిటిషన్‌ను వినకుండా వదిలేయవచ్చని 2004లో కుసుమ్ ఇంగాట్స్ కేసులో సుప్రీంకోర్టు అంది.

సివిల్ కోర్టుకే వెళ్లాలా?

సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో సెక్షన్ ప్రకారం, చట్టం స్పష్టంగానో పరోక్షంగానో అడ్డుపెట్టనంత వరకు సివిల్ స్వభావం ఉన్న ప్రతి తగాదా సివిల్ కోర్టుదే. ఆ అడ్డంకుల జాబితా మాత్రం ఏటికేడు పెరుగుతోంది. బ్యాంకు బాకీ 20 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే డెట్ రికవరీ ట్రిబ్యునల్. తాకట్టు ఆస్తి మీద బ్యాంకు బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యల మీద ఆ చట్టం 34వ సెక్షన్ సివిల్ కోర్టును అడ్డుకుంటుంది. బిల్డర్ ఆలస్యం, రీఫండ్, వడ్డీ వంటివి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధి. అక్కడ 79వ సెక్షన్ అడ్డు. అయితే రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో తేలింది.

అద్దె ఇళ్ల విషయం హైదరాబాద్‌లో రోజూ ఎదురయ్యేదే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలకు వర్తించదు. నేటి అద్దెలకు ఈ అంకె ఎంత చిన్నదో చెప్పనక్కర్లేదు. ఇళ్లలో, షాపుల్లో అత్యధికం ఈ గీత దాటిపోయాయి. వాటిని ఖాళీ చేయించడానికి రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లడం వృథా. నెలవారీ అద్దె అయితే ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేయాలి. అద్దె 3,500 లోపు ఉన్న పాతబస్తీ మలిగె విషయంలో ఇదే దావా సివిల్ కోర్టులో వేస్తే అదీ తప్పే.

వక్ఫ్ ఆస్తుల దగ్గర ఈ గీత పలుమార్లు జరిగింది. హైదరాబాద్‌లోని సుగ్రా హుమాయూన్ మీర్జా వక్ఫ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, అద్దెదారును ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టుదే, ట్రిబ్యునల్‌ది కాదు అంది. 2013 సవరణ వచ్చి అద్దెదారుల ఖాళీ వ్యవహారాన్నీ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఇలాంటి చోట పాత తీర్పు ఒక్కటే పట్టుకుని దావా వేస్తే దెబ్బతింటారు. ఆ తీర్పు తర్వాత చట్టం మారిందేమో చూసుకోవాలి.

వాణిజ్య వివాదమైతే 2015 కమర్షియల్ కోర్టుల చట్టం ఉంది. 2018 సవరణ తర్వాత 3 లక్షల రూపాయలు, ఆపై విలువ ఉంటే చాలు. అక్కడ రెండు చోట్ల కాళ్లు జారతాయి. అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరని దావాకు ముందు 12ఎ సెక్షన్ మధ్యవర్తిత్వం తప్పనిసరి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసు తర్వాత దాన్ని దాటేసి వేసిన దావా తిరస్కరణకు గురవుతుంది. రెండోది, స్థిరాస్తి ఒప్పందం కమర్షియల్ వివాదం కావాలంటే ఆ ఆస్తి వాణిజ్యానికే వాడుకలో ఉండాలి. "రేపు అక్కడ షోరూమ్ కడతాం" అంటే సరిపోదని 2019లో అంబాలాల్ సారాభాయ్ కేసులో తేల్చారు.

విలువ దగ్గర ఒక మాట

తెలంగాణ హైకోర్టుకు ముంబై, మద్రాస్ హైకోర్టుల్లా సాధారణ సివిల్ దావాలు నేరుగా తీసుకునే అధికారం లేదు. ఎంత పెద్ద దావా అయినా సివిల్ కోర్టులోనే మొదలవుతుంది. జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి స్థాయి అని మూడు మెట్లు. సిటీ సివిల్ కోర్టులో పై మెట్టు చీఫ్ జడ్జి, అదనపు చీఫ్ జడ్జిలది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ ప్రకారం, వినగల కోర్టుల్లో అన్నిటికంటే కింది మెట్టు దగ్గరే వేయాలి. ఏ మెట్టుకు ఎంత విలువ అన్నది సివిల్ కోర్టుల చట్టానికి ఎప్పటికప్పుడు జరిగే సవరణలను బట్టి మారుతుంది కాబట్టి, దావా వేసే నాటికి అమల్లో ఉన్న పరిమితినే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడ చూడాల్సింది ఆస్తి విలువ కాదు, దావా విలువ. రెండూ ఒకటి కావు. 1956 కోర్టు ఫీజుల, దావాల విలువ నిర్ణయ చట్టం ఒక్కో రకం దావాకు ఒక్కో లెక్క పెట్టింది. హక్కు ప్రకటన, దానితో పాటు ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరితే మార్కెట్ విలువలో సగం. అమ్మకపు ఒప్పందం అమలు చేయమంటే ఒప్పందంలో రాసుకున్న ధర. అద్దెదారును ఖాళీ చేయించే దావాకు అంతకు ముందు ఏడాది అద్దె. నెలకు 40,000 అద్దె వచ్చే ఫ్లాట్ ఖరీదు కోటిన్నర అయినా ఖాళీ దావా విలువ 4,80,000 రూపాయలే. "కోటిన్నర రూపాయల ఆస్తి కదా" అని పై కోర్టులో వేస్తే ప్లెయింట్ వాపసు వస్తుంది. అదే ఆస్తి మీద హక్కు ప్రకటన, ఇంజంక్షన్ కోరితే లెక్క 75 లక్షలకు చేరి మెట్టు మారిపోతుంది. ఏ ఉపశమనం కోరుతున్నారో తేల్చుకోకుండా ఏ కోర్టో తేల్చుకోలేం.

ప్రాంతం: భూమికి ఒక రూలు, డబ్బుకు ఒక రూలు

స్థిరాస్తి దావాలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్. స్వాధీనం, పంపకం, తనఖా, హక్కు నిర్ణయం కోరితే ఆస్తి ఉన్న చోటే దావా. దీనికి ఒక మినహాయింపు ఉంది: ప్రతివాది స్వయంగా ఒక పని చేస్తే చాలు, ఉపశమనం పూర్తిగా దక్కిపోతుంది అన్నప్పుడు అతను నివసించే చోట కూడా వేయవచ్చు. ఈ మినహాయింపును చాలామంది అవసరానికి మించి సాగదీస్తారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. కొనుగోలుదారు విజయవాడ నివాసి. బిల్డర్ ఆఫీసు బంజారాహిల్స్‌లో ఉంది. ఒప్పందం అక్కడే రాసుకున్నారు, డబ్బూ అక్కడే కట్టారు. ఫ్లాట్ కొండాపూర్‌లో. ఒప్పందంలో "హైదరాబాద్ కోర్టులకు మాత్రమే పరిధి" అని ఉంది. రిజిస్ట్రేషన్ చేసివ్వమని మాత్రమే అడిగితే అది భూమి కోసం వేసిన దావా కాదన్నది 2001లో ఆడ్కాన్ ఎలక్ట్రానిక్స్ కేసులో సుప్రీంకోర్టు మాట. అది ముంబై హైకోర్టు లెటర్స్ పేటెంట్ (ఆ హైకోర్టు అధికారాలను చెప్పే పాత శాసనం) మీద చెప్పినదే అయినా, ఇలాంటి దావాల్లో దాన్నే ఉదహరిస్తారు. అప్పుడు సిటీ సివిల్ కోర్టు వాదన నిలబడే అవకాశం ఉంది. అదే ప్లెయింట్‌లో "ఫ్లాట్ స్వాధీనం ఇప్పించండి" అన్న లైను చేరిందంటే 16వ సెక్షన్ వచ్చేస్తుంది, దావా రంగారెడ్డికి పోతుంది. డీఎల్‌ఎఫ్ యూనివర్సల్ కేసులో జరిగింది ఇదే. ఆస్తి గుర్గావ్‌లో, దావా ఢిల్లీలో, ఒప్పందంలో ఢిల్లీ షరతు. ప్రతివాది మొదట ఢిల్లీ పరిధిని ఒప్పుకుని, ఏళ్ల తర్వాత మాట మార్చి అభ్యంతరం లేవనెత్తినా, 2005లో సుప్రీంకోర్టు ఢిల్లీ కోర్టుకు అధికారం లేదనే చెప్పింది. ఇరుపక్షాలు సంతకాలు పెట్టుకున్నంత మాత్రాన లేని పరిధి పుట్టదు.

పోనీ, స్వాధీనం అడగకుండా వేద్దామంటే? స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్, స్వాధీనాన్ని ప్రత్యేకంగా కోరకపోతే ఇవ్వదు. తర్వాత ప్లెయింట్ సవరించుకోవచ్చు గానీ, సవరించిన రోజున పరిధి ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. దగ్గరి కోర్టు కోసం కోరాల్సిన ఉపశమనాన్ని తగ్గించుకోవడం తెలివైన పని కాదు. ఇదే కొనుగోలుదారు ఆలస్యానికి పరిహారం మాత్రమే చాలనుకుంటే దారి మారుతుంది. తెలంగాణ రెరాకు వెళ్లవచ్చు, లేదా 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటును కూడా చేర్చింది కాబట్టి, కట్టిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే విజయవాడ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.

ఉమ్మడి కుటుంబ పంపకాల్లో 17వ సెక్షన్ పనికొస్తుంది. మలక్‌పేటలో ఇల్లు, నల్లగొండలో పొలం ఉంటే రెండింటికీ కలిపి ఎక్కడైనా ఒకచోట వేయవచ్చు, మొత్తం దావా విలువ ఆ కోర్టు తట్టుకోగలిగితే. దీనికి షరతు, కాజ్ ఆఫ్ యాక్షన్ ఒకటే కావడం. ఇండోర్, ముంబై ఆస్తులను ఒకే దావాలో కలిపిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, వేర్వేరు లావాదేవీల మీద పుట్టిన తగాదాలను ఆస్తులు ఒకే కుటుంబానివి అన్న కారణంతో కట్టకట్టలేరంది. ఇక ఆస్తి రెండు కోర్టుల హద్దుల మధ్య నిజంగానే ఎటూ తేలకుండా ఉంటే 18వ సెక్షన్ ఉంది. ఆ అనిశ్చితిని కోర్టు రికార్డు చేసి దావా నడిపించవచ్చు. శివారు సర్వే నంబర్ల విషయంలో ఈ సెక్షన్ ఉన్న సంగతే చాలామందికి గుర్తుండదు.

డబ్బు, సరుకు, ఒప్పందాల దావాలకు 20వ సెక్షన్. ప్రతివాది నివసించే చోటు, వ్యాపారం చేసే చోటు, లేదా కాజ్ ఆఫ్ యాక్షన్ పూర్తిగానో కొంతగానో పుట్టిన చోటు. ఒప్పందం కుదిరిన చోటు, అమలు కావాల్సిన చోటు, ఉల్లంఘన జరిగిన చోటు, సొమ్ము చెల్లించాల్సిన చోటు ఇందులోకి వస్తాయి. లాయర్ నోటీసు ఏ ఊరి నుంచి పంపారన్నది సాధారణంగా లెక్కలోకి రాదు. ఫోన్‌లో కుదిరిన ఒప్పందం, అంగీకారం వినిపించిన చోట కుదిరినట్టని 1965లోనే భగవాన్‌దాస్ కేడియా కేసులో చెప్పారు. ఈమెయిల్ అయితే ఐటీ చట్టం 13వ సెక్షన్ ఉంది. మాదాపూర్‌లో కూర్చుని పంపినా, రైల్లో వెళ్తూ పంపినా, పంపినవారి వ్యాపార స్థలం నుంచి వెళ్లినట్టే లెక్క.

కంపెనీల మీద దావాలో ఒక మెలిక ఉంది. హెడ్డాఫీసు ముంబైలో ఉండి, హైదరాబాద్ బ్రాంచిలో జరిగిన లావాదేవీ మీద తగాదా అయితే, 20వ సెక్షన్ వివరణ ప్రకారం కంపెనీ వ్యాపారం చేసే చోటు ఆ బ్రాంచి ఊరే అవుతుంది. అప్పుడు ముంబై కోర్టు పరిధి కోల్పోతుందని, రశీదు వెనక "ముంబై కోర్టులే" అని అచ్చువేసినా చెల్లదని 1991లో పటేల్ రోడ్‌వేస్ కేసు చెప్పింది. ట్రాన్స్‌పోర్టు, ఇన్సూరెన్స్ సంస్థల మీద వేసే దావాల్లో ఇది ఎంతో మేలు చేసిన తీర్పు. ట్రేడ్‌మార్క్, కాపీరైట్ దావాలు వాది వ్యాపారం చేసే చోట వేయవచ్చు గానీ, 2015 నాటి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ తీర్పు తర్వాత దూరపు బ్రాంచిని సాకుగా చూపడం కుదరదు.

షరతు ఎప్పుడు కట్టిపడేస్తుంది

చట్టప్రకారం రెండు కోర్టులకు పరిధి ఉన్నప్పుడు అందులో ఒకదాన్ని ఇరుపక్షాలు ఎంచుకోవచ్చని 1971లో గామన్ ఇండియా కేసు స్థిరపరిచింది. ఆ తర్వాత తగువంతా మాటల మీదే నడిచింది. 1989లో ఏబీసీ లామినార్ట్ కేసులో "కైరా పరిధికి లోబడి" (కైరా గుజరాత్‌లోని ఊరు) అన్న మాట మిగతా కోర్టులను తోసిపుచ్చేంత స్పష్టంగా లేదన్నారు. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో "మాత్రమే" అన్న పదం లేకపోయినా, కోల్‌కతా అని ప్రత్యేకంగా పేరు రాశారంటే మిగిలినవి వద్దనుకున్నట్టేనన్నారు. ఇప్పుడు ఎక్కువగా ఉదహరించేది ఈ రెండోదే. ఇన్‌వాయిస్ కింద ఒకరే అచ్చువేసుకున్న లైను సంగతి వేరు. ఎదుటివారు ఒప్పుకున్నారని చూపగలిగితేనే అది షరతు అవుతుంది.

హైదరాబాద్‌లో ఒప్పందాలు రాసేవారు "హైదరాబాద్ కోర్టులు" అని ఊరికే రాసి వదిలేయకూడదు. మాదాపూర్‌లో ఆఫీసు ఉన్న కంపెనీ, అక్కడే కుదిరి అక్కడే అమలైన ఒప్పందం రంగారెడ్డి జిల్లా పరిధిలోవి. సిటీ సివిల్ కోర్టు పరిధిలో ఏమీ జరగకపోతే ఆ షరతు లేని పరిధిని ఇవ్వలేదు. "ఫలానా జిల్లాలోని పరిధి గల కోర్టులు" అని రాయడం మేలు. ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానంగా ఎంచుకున్న ఊరు) ఎక్కడో ఆ కోర్టుకే పరిధి అని 2017 ఇండస్ మొబైల్ తీర్పు. అక్కడ ఒప్పందం కుదరకపోయినా, ఏమీ జరగకపోయినా సరే.

అభ్యంతరం, వాపసు

ప్రతివాది నిద్రపోతే హక్కు పోతుంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రాంతం మీద, విలువ మీద అభ్యంతరాన్ని మొదటి కోర్టులోనే, ఇష్యూలు ఖరారయ్యే లోపే చెప్పాలి. అలా చెప్పినా, పై కోర్టు తీర్పును కదిలించాలంటే ఆ తప్పు వల్ల న్యాయం దెబ్బతిందని చూపాలి. తగాదా రకం మీదే అధికారం లేకపోతే మాత్రం ఎప్పుడైనా లేవనెత్తవచ్చు. ఆ డిక్రీ చెల్లదు. 16వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు డీఎల్‌ఎఫ్ కేసులో ఈ రెండో కోవలోకి చేర్చింది. అందుకే భూమి దావాల్లో "ప్రతివాది ఏమీ అనలేదు కదా" అన్న ధీమా పనికిరాదు.

పరిధి లేదని తేలితే ఏడో ఆర్డర్ పదో రూలు కింద ప్లెయింట్ వాపసు ఇస్తారు. దాని మీద జడ్జి దాఖలైన తేదీ, వాపసు తేదీ, దాఖలు చేసినవారి పేరు, క్లుప్తంగా కారణం రాస్తారు. ఇది పదకొండో రూలు కింద తిరస్కరణ కాదు, దావా చచ్చిపోదు. కానీ కొత్త కోర్టులో అంతా మొదటి నుంచి. సాక్ష్యం ఎంత నడిచినా సరే, వాపసు తర్వాత విచారణ కొత్తగానే మొదలవుతుందని 2020లో ఈఎక్స్‌ఎల్ కెరీర్స్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ తేల్చింది. కాలపరిమితి విషయంలో లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కాపాడుతుంది, అయితే శ్రద్ధగా, సదుద్దేశంతో తప్పు కోర్టులో నడిపామని చూపగలిగినప్పుడే. షెడ్యూల్‌లో జిల్లా పేరు కూడా సరిచూడని వాదికి "శ్రద్ధ" అన్న మాట నిరూపించడం కష్టమవుతుంది.

వాపసు ఖాయమని తెలిసినప్పుడు 10ఎ రూలు వాడుకోవాలి. వాది తాను వెళ్లబోయే కోర్టు పేరు చెప్పి, అక్కడ హాజరు తేదీ ఇక్కడే ఖరారు చేయమని అర్జీ పెట్టవచ్చు. అప్పుడు ప్రతివాదికి మళ్లీ సమన్లు పంపనక్కర్లేదు. నెలల సమయం మిగులుతుంది. బదులుగా ఆ వాపసు ఉత్తర్వు మీద అప్పీలు హక్కు వదులుకోవాలి.

అనుకూలత: ఇక్కడ మాత్రమే

రెండు కోర్టులకూ పరిధి ఉండి, ఒకచోట నడవడం అన్యాయమనిపిస్తే అప్పుడు బదిలీ. ఒకే జిల్లాలోపల అయితే జిల్లా కోర్టు, ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టు, 24వ సెక్షన్ కింద. హైకోర్టులో ఇది ట్రాన్స్‌ఫర్ సీఎంపీగా (సివిల్ మిసలేనియస్ పిటిషన్‌గా) నంబరవుతుంది. రాష్ట్రం దాటాలంటే 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు ఒక్కటే. ఒక హైకోర్టు తన కింది కేసును మరో రాష్ట్రానికి పంపలేదని 2008లో తేలిపోయింది.

తెలుగువారికి ఇది నేరుగా తగిలింది. 2014 విభజన తర్వాత కూడా ఉమ్మడి హైకోర్టు ఉన్నంత కాలం విజయవాడ దావాను హైదరాబాద్‌కు మార్చమని ఇక్కడి హైకోర్టునే అడిగేవారు. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరయ్యాక అదే పనికి ఢిల్లీ వెళ్లాలి. అమ్మాయి కూకట్‌పల్లిలో, భర్త గుంటూరులో ఉన్న విడాకుల కేసులు ఈ మార్పుకు ఎక్కువగా గురయ్యాయి. భార్య తానే పిటిషనర్ అయితే ఈ బాధ లేదు. 2003 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ఆమె నివసించే చోటే వేసుకోనిస్తుంది. భర్త ముందుగా గుంటూరులో వేస్తేనే బదిలీ అవసరం.

బదిలీ పిటిషన్‌లో జడ్జీలు చూసేవి: సాక్షులు, కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఎంత దూరం, చిన్నపిల్లలు, అనారోగ్యం, ఆదాయం, అవే పక్షాల మధ్య అదే ప్రశ్న మీద మరో దావా ఇంకో చోట నడుస్తోందా. వీటిలో చివరిది చాలా బలమైన కారణం. మధ్యంతర ఉత్తర్వు వ్యతిరేకంగా వచ్చిందనో, ఆ జడ్జి దగ్గర న్యాయం జరగదని ఊహిస్తూనో వేసే పిటిషన్లు నిలబడవు. "ప్రయాణం కష్టం" అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన అఫిడవిట్ కంటే, పిల్లవాడి స్కూలు సర్టిఫికెట్, డాక్టరు కాగితాలు, గత వాయిదాల్లో ఏం జరిగిందో చూపే డాకెట్ షీట్, ఏ సాక్షి ఏ ఊళ్లో ఉన్నారో పట్టిక జతచేసినది పనిచేస్తుంది. కొన్నిసార్లు బదిలీ బదులు ప్రయాణ ఖర్చులు ఇప్పిస్తారు. జబల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు విడాకుల కేసు మార్చమన్న పిటిషన్‌లో 2017 మార్చిలో సుప్రీంకోర్టు, బదిలీ బదులు వీడియో విచారణ చేయవచ్చంది. అదే ఏడాది అక్టోబర్‌లో ముగ్గురు జడ్జిల బెంచ్ మెజారిటీ దాన్ని సరిదిద్దింది. సయోధ్య విఫలమయ్యాక ఇరుపక్షాలు కోరితేనే కుటుంబ న్యాయస్థానం దాన్ని పరిశీలించాలి, బదిలీ పిటిషన్ దశలో ఆదేశించకూడదు.

అమెరికాలో ఉన్నవారి కేసుల్లో ఇంకో పొర చేరుతుంది. తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంటకు మిస్సోరీలోని ఒక కోర్టు, 90 రోజుల నివాసం చూపిన భర్త మాట మీద ఇచ్చిన విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఆ కోర్టుకు హిందూ వివాహ చట్టం ప్రకారం పరిధి లేదు. డబ్బు డిక్రీల సంగతికొస్తే, బ్రిటన్, సింగపూర్, 2020 నుంచి యూఏఈ పై కోర్టులవి ఇక్కడ నేరుగా అమలవుతాయి. అమెరికా ఆ జాబితాలో లేదు. దాని తీర్పు ఆధారంగా మళ్లీ ఇక్కడ దావా వేయాలి.

బదిలీకీ వాపసుకూ ఉన్న ఒక తేడాను దావా మధ్యలో చిక్కుకున్నవారు తప్పక గమనించాలి. బదిలీ అయిన దావాను కొత్త కోర్టు ఆగిన చోటు నుంచే కొనసాగించవచ్చని 24వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెబుతుంది. ఐదో ఉపసెక్షన్ ప్రకారం పరిధి లేని కోర్టు నుంచి కూడా బదిలీ చేయవచ్చు. సాక్ష్యం సగం నడిచాక పరిధి లోపం బయటపడిన వాది, వాపసు ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, ముందుగానే జిల్లా కోర్టులోనో హైకోర్టులోనో బదిలీ కోరితే అప్పటిదాకా రికార్డయిన సాక్ష్యాన్ని నిలుపుకునే అవకాశం ఉంటుంది. వాపసు ఉత్తర్వు సంతకమయ్యాక ఆ అవకాశం ఉండదు.